మసి కాని మచ్చ

దేవకుమారి అక్కయ్య యూనివర్సిటీలో చచ్చినవాళ్ళ అంట్లు తోముతుందట అని మా పై అపార్ట్‌మెంటు లూసీ చర్చి పార్కింగ్ లాట్‌లో ఎవరితోనో అన్నదట. ఆ మాట పాస్టరు ఏసుపాదంగారి చెవిన పడి ఆయన నవ్వు ఆపుకోవటానికి దగ్గారట. ఇదంతా మా ఆయన సత్యానందం మొన్న ఆదివారం కారు వేడెక్కేదాకా ఆగుతూ నాకు చెప్పాడు. అంతటితో వదిలిందా, "ఎమ్మే హిస్టరీ చదివి విమానం ఎక్కొచ్చి, బేస్‌మెంట్‌లో కూచుని సమాధుల్లో కుండలు కడగటం ఏందండీ, ఇంటికొచ్చి ఆ చేత్తోనే చపాతీ పిండి కలుపుద్దా" అని కూడా అన్నదట. కోపం రావాలి. రాలేదు. లూసీ తెలియక అన్నా నిజానికి బాగా దగ్గరగానే వచ్చింది. చచ్చినవాళ్ళవి అన్న మాట నిజమే, అంట్లు కావు, తోమటం మాత్రం, అసలు గొడవంతా ఆ తోమటంలోనే ఉంది, తోమకూడని దాన్ని తోమాను కాబట్టే ఈ శుక్రవారం పొద్దున తొమ్మిదీ పదికి మూడో అంతస్తు నడవాలో ప్రొఫెసరు మోరిటాగారి గది ముందు బెంచీ మీద ఓవర్‌కోటు కూడా విప్పకుండా కూర్చున్నాను. ఎదురుగా సెక్రటరీ డోరతి బల్ల. బల్ల మీద పసుప్పచ్చ కవరు. కవరులో పత్రికకి పంపబోయే మోరిటాగారి వ్యాసం, ఇరవై ఎనిమిది పేజీలు, ప్రతి అక్షరం నేను టైపు చేసిందే. పదీ పదికి టపా మనిషి వస్తాడు. మోరిటాగారికి పదింటిదాకా క్లాసు. అంటే నాకు దొరికేది పది నిమిషాలు, అంతకుముందు ఈ యాభై నిమిషాలూ కూర్చుని గోళ్ళు కొరుక్కోవటానికి.

చేతిసంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. దాంట్లో వంటింటి తువ్వాలులో చుట్టిన చిల్లపెంకు ఒకటి, నంబరు పదిహేడు, అరచేయంత, ఎర్రమట్టి రంగుది. దాన్ని బేస్‌మెంట్ ట్రేలోంచి ఎవరికీ చెప్పకుండా తీశాను, అదొక తప్పు మళ్ళీ. హనివా అంటారు వీటిని. బొమ్మలు కూడా ఉంటాయట, గుర్రాలూ, కవచం తొడుక్కున్న మనుషులూ. మా పెట్టెలోవి ఉత్త గొట్టాల ముక్కలు. మొల ఎత్తు మట్టిగొట్టాలు, నడుముకి వడ్డాణం పెట్టినట్టు అడ్డపట్టీలు, పక్కన రంధ్రాలు. వెనకటి జపాన్‌లో దొర పోతే కొండంత మట్టి పోసి దిబ్బ కట్టేవాళ్ళట, పైనుంచి చూస్తే తాళంకప్పలో తాళంచెవి దూర్చే కంతలా, వెనక గుండ్రంగా, ముందు వెడల్పుగా. ఆ దిబ్బ చుట్టూ ఈ గొట్టాల్ని కంచె పాతినట్టు వరసగా పాతేవాళ్ళట. దేనికండీ పాతటం అని అడిగితే మోరిటాగారు, "అడుగుదామంటే వాళ్ళు లేరు" అని నవ్వుతారు. మనిషి పుట్టింది కాలిఫోర్నియా, జపాను భాష వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నారు. అరవై దాటాయి. పెద్ద వ్యాసం రాసి పదిహేనేళ్ళయింది. డిపార్ట్‌మెంట్‌లో కుర్రకారు ఆయన్ని గూట్లో పెట్టిన పటాన్ని చూసినట్టు చూస్తారు, దణ్ణం పెడతారు, పని చెప్పరు.

యుద్ధం అయ్యాక ఒసాకా దగ్గర ఇళ్ళ కోసం ఒక దిబ్బని చదును చేస్తుంటే అక్కడున్న అమెరికా కెప్టెన్ ఒకడు నలభై ఒక్క ముక్కలు ఏరి ఆపిల్‌పళ్ళ పెట్టెలో వేసుకొచ్చాడు. ఆయన పోయాక ఆయన భార్య మా యూనివర్సిటీ మ్యూజియానికి ఇచ్చింది. ఇప్పుడు దిబ్బ లేదు, దొర లేడు, దొర పక్కన పెట్టిన కత్తీ అద్దమూ ఏమయ్యాయో తెలియదు, అక్కడ వీధి వచ్చింది, వీధిలో ఎవరో బట్టలు ఆరేసుకుంటూ ఉంటారు. కార్బన్ పరీక్ష చేద్దామంటే బొగ్గు ముక్కన్నా లేదు. మిగిలింది పెట్టె. పెట్టెలోంచి దిబ్బ వయసు తేల్చాలి. ఈ పనిలో నాకు నచ్చేది ఇదే, లూసీకి చెప్పినా ఎక్కదు. మా ఊళ్ళో కూడా వయసులు ఇలాగే తేల్చేవాళ్ళు. రేపల్లెకి ఇవతల మా ఊరు. మా నాన్న ఎప్పుడు పుట్టాడంటే బాప్తిస్మం రిజిస్టరులో ఒక తేదీ ఉంది, కానీ అది మిషన్ దొరగారు నీళ్ళలో ముంచిన తేదీ, అప్పటికే ఆయన చొక్కా తడిసిందని సిగ్గుపడే వయసు. నాయనమ్మని అడిగితే, "బట్టీ పొగగొట్టం కూలిన ఏడు, వానలకి ముందు" అనేది. పొగగొట్టం ఎప్పుడు కూలిందే అంటే, "మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు" అనేది. ఈ రెండు మాటల మధ్య మా నాన్న వయసు గానుగెద్దులా తిరుగుతూనే ఉండేది. ఎమ్మేలో మాకు రాజుల తేదీలన్నీ బట్టీ పట్టించారు గానీ తేదీ అనేది ఎక్కణ్ణించి వస్తుందో ఒక్క మేస్టారూ చెప్పలేదు. మోరిటాగారు చెప్పారు. మొన్న మంగళవారం చెప్పారు. చెప్పకపోయినా బాగుండేది.

అడిగింది నేనే. నా నోరు ఊరుకోదు. పదకొండో పేజీ టైపు చేస్తూ, ఈ నల్లమచ్చలు లేకపోవటం అంటే ఏమిటండీ, లేనిదాని గురించి ఒక పేజీ రాశారేమిటి అన్నాను. ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టయింది, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బొమ్మ గీశారు. మూడు నాలుగేళ్ళ కిందటే జపాన్‌లో తేల్చారట. మొదట్లో ఈ గొట్టాల్ని ఆరుబయట కట్టెలూ గడ్డీ కప్పి కాల్చేవాళ్ళు, మంట సమంగా అందదు, కట్టె ఆనుకున్న చోట మట్టి నల్లబడి అలాగే ఉండిపోతుంది. ఐదో శతాబ్దం నడిమికి కొరియా వైపు నుంచి వచ్చిన పనివాళ్ళ దయవల్ల సొరంగంలాంటి బట్టీలు వచ్చాయి, బట్టీలో కాలినదానికి మచ్చ పడదు. మచ్చ ఉంటే దిబ్బ ముందుది, లేకపోతే తర్వాతది. "ఎంత తేలికో చూడండి దేవా," అన్నారు. నా పేరు పూర్తిగా నోరు తిరక్క ఆయన నన్ను దేవా అంటారు, దేవుణ్ణి పిలిచినట్టుంటుంది. నేను బొమ్మ చూసి నవ్వాను. దీనికి జపాను దాకా ఎందుకు, మా కంచెకి అవతల కుమ్మరి రాఘవులు ఆరుబయట కుండలు కాల్చే ఆవం, ఇవతల మా నాన్న మంట వేసే ఇంటిపెంకుల బట్టీ. రాఘవులు ఆవం విప్పిన రోజు కుండలన్నీ పొట్టమీదో నడుముమీదో నల్లమచ్చతో, చంకన బిడ్డనెత్తుకుని మసిబారిన చీరల్లో నిలబడ్డ ఆడవాళ్ళలా ఉండేవి. బట్టీలో పెంకులేమో ఒకే ఎరుపు, బళ్ళో పిల్లల్లా. మా అమ్మ మచ్చ ఉన్న కుండ నీళ్ళకి, లేనిది పెరుగుకి అని ఏరేది, ఎందుకో ఆమెకీ తెలియదు, వాళ్ళమ్మ ఏరింది కాబట్టి. ఇదంతా మోరిటాగారికి చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉంది. నడుం మీద నల్లమచ్చ. నేను చూశాను. నేనే చూశాను.

డెబ్బై తొమ్మిది జూన్, ఉద్యోగంలో నా మొదటి వారం. మెత్తటి బ్రష్షు, చల్లటి నీళ్ళు, సబ్బు వద్దు, గట్టిగా రుద్దొద్దు, కడిగాక లోపలి వైపు సిరాతో నంబరు, తర్వాత కార్డు. నలభై ఒక్కటిలో పదకొండింటికి నల్లగా ఉంది. అవి గొట్టాలని కూడా అప్పటికి నాకు తెలియదు, కుండలనుకున్నాను, కుండకి నలుపంటే మసి, పొయ్యి మసి, మసికి ఇంకో అర్థం నా చేతులకి తెలియదు. బ్రష్షుతో పోలేదు. మర్నాడు ఇంటినుంచి బేకింగ్ సోడా డబ్బా, గిన్నెలు తోమే పీచూ పర్సులో పెట్టుకొచ్చాను, ఎవరూ లేకుండా చూసి రెండు రోజులు తోమాను. పై పొర కాస్త పోయింది, మచ్చ పోలేదు. ఇప్పుడనిపిస్తుంది, ఆవం పక్కన పుట్టినదాన్ని, ఆవం మచ్చ పోదని ఐదేళ్ళ పిల్లప్పుడే తెలుసు నాకు, కానీ ఆ బేస్‌మెంట్‌లో ఆ తెల్లకోటు, ఆ ట్యూబులైటు, ఆ ఇంగ్లీషు, వాటి మధ్య మా రాఘవులు కుండ ఎదురుపడితే గుర్తుపట్టలేకపోయాను. మా అమ్మ మాత్రం గుర్తొచ్చింది. తోమిన గిన్నెల్ని అమ్మ బోర్లించి అడుగున రెండు వేళ్ళు రాసేది, ఆ వేళ్ళు తెచ్చి మన బుగ్గకి రాసేది. "పోలేదమ్మా" అన్నామా, "పోలేదన్న మాట ఆడదాని నోట రాకూడదు. పోయిందాకా తోము" అనేది. కార్డులో గీతల మధ్య ఒక గడి, పైభాగం ఎలా ఉంది అని. మసి, శుభ్రం చేశాను అని రాశాను. పదకొండు కార్డులమీద పదకొండుసార్లు. మంచి దస్తూరీ నాది. కార్డు ఉన్నాక పెంకుని చూసేదెవరు? ట్రేల్లో అన్నీ నంబరు కనబడేలా లోపలి వైపు పైకి పెట్టి బోర్లా పడుకోబెట్టాం, మచ్చలు కిందకి. గీసిన బొమ్మల్లో అంచులే తప్ప రంగుండదు. మోరిటాగారు మందం కొలిచారు, ఆ బొమ్మల్లోనే పట్టీలు లెక్కపెట్టారు, రంధ్రాల అంచులు చూశారు. మచ్చల విషయానికి నన్ను నమ్మారు. కొన్నిటికి తర్వాతెప్పుడో అంటిన మసి ఉండేదనీ, కడగటంలో పోయిందనీ కింద ఒక ఫుట్‌నోట్ వేశారు. అది కూడా నేనే టైపు చేశాను.

తొమ్మిదీ ఇరవై అయిదు. డోరతి కాఫీ కావాలా అంది, వద్దన్నాను, రెండోసారి అడిగితే తాగేదాన్ని, వీళ్ళు రెండోసారి అడగరు. కిటికీలో మంచు పడుతోంది.

పదమూడో పేజీలో ఒక ముసలి కుమ్మరి ఉన్నాడు. వాడి సంగతి తలుచుకుంటేనే నాకు మరీ బాధ. ఎందుకంటే గొట్టాల రంధ్రాల్లో ఒక తిరకాసు ఉంది. పాతవాటికి మూడుమూలల రంధ్రాలూ నలుపలకల రంధ్రాలూ ఉంటాయి, కొత్తవాటికి గుండ్రటివి. మా ముక్కల్లో మూడుమూలలవి ఉన్నాయి. రంధ్రం చూస్తే పాతది, మచ్చ లేదు కాబట్టి కొత్తది. ఈ రెండూ పొసగక మోరిటాగారు ఆర్నెల్లు నిద్రపోలేదు. చివరికి ఆయనకి తట్టింది, బట్టీ కొత్తదే గానీ చెయ్యి పాతది. కొత్త బట్టీలో పనికి కుదిరిన పాతకాలపు మనిషి, కుర్రవాళ్ళంతా గుండ్రంగా కోస్తుంటే, మా తాత మూడుమూలలుగా కోశాడు నేనూ అలాగే కోస్తాను అని మొండికేసినవాడు. రెండు పేజీలు రాశారు వాడి మీద. ఎంత ప్రేమగా రాశారంటే టైపు చేస్తూ నేను వాడికి మొహం కూడా పెట్టుకున్నాను, పళ్ళు ఊడి, చెవిలో చుట్ట ముక్కతో, మా రాఘవులు మొహమే. నా పదకొండు కార్డుల్లో పుట్టాడు వాడు. నిజానికి అక్కడ ముసలివాడూ లేడు, మొండితనమూ లేదు, పాతకాలంలో పాతపద్ధతిలో పాత రంధ్రాలు కోసిన మామూలు మనుషులు ఉన్నారు. వాళ్ళ దొరని నేను నూరేళ్ళు ఇవతలికి ఈడ్చుకొచ్చి మునిమనవళ్ళ వరసలో పడుకోబెట్టాను. వింతేమిటంటే తప్పు చేశానన్న భయంతో పాటు లోపల ఒక మూల సరదాగా కూడా ఉంది. రంధ్రమూ మచ్చా ఒకే మాట చెబుతున్నాయి! మొదటి రోజునుంచీ చెబుతూనే ఉన్నాయి. మధ్యలో అబద్ధమాడింది నేనొక్కదాన్నే.

మంగళవారం రాత్రి అన్నాలు తింటూ మా ఆయనకి చెప్పాను. మందుల కంపెనీలో కెమిస్టు ఆయన, అన్నీ తూచి మాట్లాడతాడు.

"ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుసు కదండీ."

"పదిహేనువందల ఏళ్ళ కిందట పోయినవాడు లేచొచ్చి, నా డేటాఫ్ బర్త్ తప్పు వేశావే అంటాడా? మన స్కూలు సర్టిఫికెట్లో నీ తేదీ కరెక్టా? నాది కరెక్టా? రెండూ జూలై ఒకటే. హెడ్‌మాస్టరు వేశాడు. బతకలేదా మనం?"

"మీ కంపెనీలో మీరు పోని మరకని పోయిందని రాస్తారా?"

పప్పు వడ్డించుకుంటూ ఆగాడు. "రాస్తే తీసేస్తారు," అన్నాడు. తర్వాత, "నిన్నూ తీసేస్తారు దేవీ. ఆ ముసలాయన పరువు కూడా పోద్ది. ఊరుకో," అన్నాడు. మంచిమనిషి. మా మంచికోరేవాళ్ళందరూ ఊరుకోమనే చెబుతారు.

మంచు పెద్ద రేకులుగా పడుతోంది. మంచు ముట్టుకుంటే తడిగా ఉంటుందా పొడిగా ఉంటుందా, రాయక్కా. మా చెల్లెలు నవోమి అడిగింది. ఏటికి అవతల దివిసీమలో మిషన్ బళ్ళో టీచరు. ఆ జాబు మీద తను వేసిన తేదీ నవంబరు పన్నెండు, డెబ్బై ఏడు. తపాలా ముద్ర పద్నాలుగు. పందొమ్మిదిన ఉప్పెన వచ్చింది. జాబు నాకు చేరింది డిసెంబరు ఆరున. నవోమి లేదన్న కబురు నాకు అంతకు నాలుగు రోజుల ముందే చేరింది. ఒక కాగితానికి మూడు తేదీలు, రాసిందొకటి, బయల్దేరిందొకటి, చేరిందొకటి. మోరిటాగారు చెబుతారు, సమాధిలో దొరికిన అద్దాన్ని చూసి సమాధికి ఏడు కట్టకూడదు, అద్దం చేసినవాడు ఒకడు, దాన్ని మూడు తరాలు దాచుకున్నవాళ్ళు వేరు, పాతిపెట్టినవాళ్ళు వేరు, అన్నిటికంటే చివరి తేదీయే సమాధిది అని. అది విన్నప్పుడు నేను జాబు గురించే అనుకున్నాను. నవోమికి దిబ్బ లేదు. ఎవరి పక్కన ఎవరో తెలియకుండా చాలామందిని కలిపి పూడ్చారట, మా నాన్న వెళ్ళేసరికే అయిపోయిందట. గొట్టాలూ లేవు, కంచే లేదు. వెయ్యేళ్ళకి ఎవరైనా తవ్వితే ఏం చూసి ఏడు చెబుతారు? చెవి పోగులా? బళ్ళో గంటా? ఉప్పుపొర చూసి చెబుతారేమో, ఒక్క రాత్రిలో పరుచుకున్న సముద్రపు ఒండ్రు. అది మంచి గుర్తే. కచ్చితమైన గుర్తు.

తర్వాతి జనవరిలో మా ఇంట్లోనే ప్రార్థన కూటం. ఏసుపాదంగారు, సిస్టర్ దేవకుమారి సాక్ష్యం చెబుతారు అన్నారు. నన్ను ముందు అడగలేదు. లేచాను. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది, కష్టం వచ్చింది, మోకరించాను, తీరింది, మూడో మాట చెప్పకుండా ఎవరూ కూర్చోరు. కష్టం చెప్పాను. మోకరించానని చెప్పాను. అందరూ చూస్తున్నారు, లూసీ అప్పటికే ముక్కు తుడుచుకుంటోంది, వంటింట్లో బిరియానీ చల్లారుతోంది. ప్రభువు నా దుఃఖాన్ని తుడిచేశాడు అన్నాను. పోయింది అన్నాను. స్తోత్రం అన్నారు అందరూ, మా ఆయన కూడా. కూర్చున్నాను. మంచు తడో పొడో ఈ నాలుగేళ్ళలో నేను ముట్టుకుని చూడలేదు, తొడుగులు లేకుండా బయటికి వెళ్ళను. అదేమంత పెద్ద సంగతి కాదు. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో. తొమ్మిదీ యాభై ఎనిమిది.

గంట మోగింది. నడవా పిల్లలతో నిండి, ఖాళీ అయింది. మోరిటాగారు మెట్లెక్కి వచ్చారు, కోటు మీద సుద్దపొడి, చేతిలో నలిగిన మ్యాపు. నన్ను చూసి నవ్వారు. డోరతితో, "ఇవ్వాళే కదా పంపేది, అంటించావా?" అన్నారు. డోరతి తల ఊపింది. నేను లేచాను. మూడు రోజులుగా ఇంగ్లీషులో కూర్చుకున్న వాక్యాలన్నీ ఎటో పోయాయి. తువ్వాలు విప్పి పెంకుని ఆయన అరచేతిలో పెట్టాను, నంబరు కిందకి, మచ్చ పైకి.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళారు. వెలుగుకి ఇటూ అటూ తిప్పారు. బొటనవేలు నాలుకకి ఆనించి మచ్చమీద రుద్దారు, వేలు చూసుకున్నారు. వేలికి ఏమీ అంటలేదు. మళ్ళీ రుద్దారు. ఆయన మొహం మాత్రం నాకు కనబడటం లేదు.

"మసి కాదండీ," అన్నాను. "నేను తోమాను. సోడా వేసి తోమాను. పోలేదు. పోయిందని రాశాను."

"ఎన్నిటికి?"

"పదకొండు."

పెంకుని మళ్ళీ వెలుగుకి ఎత్తారు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి, ఏడుస్తున్నారేమో అనుకున్నాను, కాదు, నవ్వే. "మూడుమూలల రంధ్రాలు," అన్నారు కిటికీతో. "మూడుమూలలవీ, మచ్చలూ. అన్నీ ఒకచోటే. మరి నా ముసలివాడు లేడన్నమాట." ఆ మాటలో నవ్వు కొసన ఏదో తెగింది. ఆయనకి కుమ్మరి పోయాడు. పదిహేనేళ్ళ తర్వాత రాసిన రెండు పేజీలు పోయాయి. కానీ పెంకుని కింద పెట్టలేదు, వేలితో రంధ్రం అంచు తడుముతూనే ఉన్నారు, అచ్చం మా రాఘవులు ఆవం విప్పి మొదటి కుండ చేతిలోకి తీసుకున్నప్పటిలా.

టపా మనిషి వచ్చాడు, బూట్లకి మంచుతో. డోరతి కవరు ఎత్తి మోరిటాగారి వైపు చూసింది. ఆయన అడ్డంగా తల ఊపారు. కవరు మళ్ళీ బల్లమీదికి దిగింది.

అప్పుడు నావైపు తిరిగారు. కోపం లేదు మొహంలో. కోపం ఉంటే నాకు తేలికయ్యేది.

"క్షమించండి," అన్నాను. "ఈ ఒక్క పెట్టెలోనే అలా రాశాను. ఇంకెక్కడా రాయలేదు."

"మీరు నాకు నాలుగువేల కార్డులు రాసిచ్చారు దేవా," అన్నారాయన. "ఇంకా ఏమేమి పోయాయని రాశారు?"